బిల్లులో లేని బిగింపు

"కార్టులో నువ్వు ముట్టుకున్న ప్రతిదీ వర్క్ ఆర్డర్‌లో ఉండాలి. లేదంటే ముట్టుకోకు."

మా ఓనరు గొంతు కూడా పెంచలేదు. పెంచినా బాగుండేది, అరుపులు మనకి అలవాటే. కాఫీ కప్పు పట్టుకుని, మర్యాదగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు. దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

ఇంతకీ నేను చేసిన ఘనకార్యం, మా రిపేరు షాపుకి వచ్చిన ఒక పెద్దావిడ గోల్ఫ్ కార్టుకి డబ్బులు తీసుకోకుండా బ్రేకు కేబుల్ బిగించడం.

మాది అట్లాంటాకి దక్షిణాన ఉన్న పీచ్‌ట్రీ సిటీ. గోల్ఫ్ కర్ర ఎప్పుడూ పట్టుకోనివాళ్ళ ఇంట్లో కూడా ఇక్కడ గోల్ఫ్ కార్టు ఉంటుంది. చెట్ల మధ్య నుంచి కార్టుల కోసమే వేసిన దారులు 100 మైళ్ళ పైచిలుకు. సరుకులకి వెళ్ళినా, చర్చికి వెళ్ళినా అందులోనే. హైస్కూలు పిల్లలు కూడా బడికి వేసుకెళ్తారు. మన ఊళ్ళలో ఇంటింటికీ యాక్టివా ఉన్నట్టు అన్నమాట. ఈ కార్టులు తయారుచేసే ఈజీ-గో, క్లబ్ కార్ రెండు కంపెనీలూ ఇదే జార్జియాలో అగస్టా దగ్గరే ఉన్నాయి. కాబట్టి కార్టు తెలిసినవాడికి పనికి కొదవ లేదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ని. నన్ను అమెరికా రప్పించడానికి మా తమ్ముడు వేసిన పిటిషన్ పుష్కరం దాటాక కదిలితే, జుట్టు నెరిసే వయసులో ఇక్కడికొచ్చి పడ్డాను. కొన్నాళ్ళు గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడ్డాక ఈ షాపు దొరికింది. వైర్లు తెలిసిన చేతులు, కౌంటర్లో చిల్లర లెక్కపెడుతుంటే ఏం బాగుంటుంది చెప్పండి.

పెద్దావిడది 48 వోల్టుల క్లబ్ కార్. లిథియం బ్యాటరీ, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్, అద్దాలు వేయమంది. సీటు ఎత్తి చూస్తే టెర్మినళ్ళ మీద పచ్చగా, తెల్లగా ఉప్పు పొంగి ఉంది. ఎనిమిది వోల్టులవి ఆరు బ్యాటరీలు, ఒక్కోటి 30 కిలోల దాకా ఉంటుంది. పాత లైట్లకి ఎవరో ఆ ఆరింట్లో రెండింటి మీదే వైర్లు లాగారు. లైటు వేసినప్పుడల్లా ఆ రెండే అరిగిపోతాయి, ఛార్జర్ మాత్రం ఆరింటినీ కలిపి ఒకే లెక్కన నింపుతుంది. చివరికి ఆ రెండూ చచ్చి, మిగతా నాలుగింటినీ లాగేస్తాయి. ఇది చూడగానే నవ్వొచ్చింది. ఇరవై నాలుగు వోల్టుల లారీలో ఒక్క బ్యాటరీ మీద టేప్ రికార్డర్ పెట్టించుకుని, తర్వాత వచ్చి గోల పెట్టే డ్రైవర్లని ఎంతమందిని చూశానో!

ముందు స్విచ్‌ని టో మీదకి, అంటే మోటారుకి కరెంటు ఆపే వైపుకి తిప్పి, ఆరూ దించేసి, ట్రేని వంట సోడా నీళ్ళతో కడిగాను. లిథియం ప్యాక్ 50 కిలోల లోపే. అందులో 3.2 వోల్టుల సెల్స్ పదహారు వరసగా ఉంటాయి, మొత్తం 51.2 వోల్టులు. కూర్చోబెట్టడం తేలికే. చుట్టూ ఉన్న పనే అసలు పని. పాత క్లబ్ కార్లలో ఛార్జింగ్‌ని చూసుకునే చిన్న కంప్యూటర్ ఉంటుంది, నెగటివ్ వైరు దాని గుండా పోతుంది. దాన్ని తప్పించకపోతే పాత బ్యాటరీల లెక్కలే వేస్తూ కూర్చుంటుంది. ఛార్జర్ మార్చాలి. మీటరూ మార్చాలి, ఎందుకంటే లిథియం సగానికి పైగా ఖాళీ అయినా వోల్టేజీ పెద్దగా దిగదు, పాత మీటరు ముల్లు నిండుగానే చూపిస్తూ ఉంటుంది. లైట్లకీ హారన్‌కీ 48ని 12 చేసే రెడ్యూసర్ వేరే పెట్టి, దానికి ఫ్యూజు వేశాను. ఇక నీళ్ళు పోసే పని లేదు. ఇక్కడి చలికాలంలో ఒక్కటే జాగ్రత్త, సున్నా డిగ్రీల కింద ఈ సెల్స్‌ని ఛార్జ్ చేయకూడదు.

టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్ళాను. దిగుడులో పెడల్ తొక్కితే నేల దాకా పోతోంది. ఆగుతుంది, కానీ ఆలోచించుకుని ఆగుతోంది. బరువు తగ్గిన బండి పాతదానికంటే చురుగ్గా లాగుతుంది, పైగా ఆవిడకి డెబ్బై దాటాయి. షాపుకి తెచ్చి, కిందకి దూరి, నట్టు బిగించి, చక్రాలు పట్టేయకుండా తిరుగుతున్నాయని చూసుకుని బయటికొచ్చాను. ఐదు నిమిషాల పని. దానికి బిల్లేమిటి?

మర్నాడు ఆవిడే ఫోన్ చేసి మెచ్చుకుందట. "లైట్లు సరే, బ్రేకు ఎంత బాగా పడుతోందో!" అలా బయటపడింది.

ఓనరు లెక్క ఇది. రేపు ఆవిడ ఎవరినైనా గుద్దితే, బ్రేకుని ఆఖర్న ముట్టుకున్నది మన షాపు. కాగితంలో మాత్రం ఉండదు. లాయరు అడిగితే ఏం చెప్పాలి, ఇన్సూరెన్స్‌వాడికి ఏం చూపించాలి? కాదనడానికి నా దగ్గర మాట లేదు. ఒప్పుకోవడానికి మనసూ లేదు.

మా ఆటోనగర్‌లో హారన్ బిగించమని వచ్చినవాడి బండికి బ్రేకు లైటు వెలగడం లేదనుకోండి. చూసి కూడా వదిలేస్తే, సాయంత్రం టీ కొట్టు దగ్గర మొహం ఎలా చూపించాలి? "చూశావు కదా, చెయ్యొచ్చు కదా" అనడూ? ఆ కొసరులో వ్యాపారం లేదనను. ఉచితంగా బల్బు వేయించుకున్నవాడు రేపు డైనమోకి నా దగ్గరికే వస్తాడు. ఆ కొసరు పనులతో మా కుర్రాళ్ళు రాత్రి పదింటి దాకా ఉండిపోయేవాళ్ళన్నదీ నిజమే. అప్పుడు వాళ్ళకి టీ, సమోసా తప్ప ఎక్కువ ఇచ్చింది లేదు. ఇక్కడ ఐదింటికి చేతులు కడుక్కుంటాను, నిమిషం ఎక్కువైనా లెక్కకడతారు. అన్నీ తెలుసు. అయినా మింగుడు పడదు. వదులుగా ఉన్న నట్టు కంటపడ్డాక, అది ఎవరి ఖాతాలో పడుతుందో ముందు చూసుకోవాలంటే నా చేతికి రాదు.

సరే, అప్పట్నుంచి రాస్తున్నాను. మొన్న ఒకాయన ఈజీ-గో తెచ్చాడు. ఎత్తు పెంచిన బండి, పెద్ద టైర్లు. సౌండ్ బార్ కావాలి, కింద రంగుల లైట్లు కావాలి, ఫోన్లో నొక్కితే మారాలి. వెనక డ్రమ్ము విప్పి చూస్తే బ్రేకు షూలు అరిగిపోయాయి. పద్ధతిగా ఫోటో తీసి ఎస్టిమేట్ రాశాను. రంగుల లైట్ల ఖరీదులో సగం కూడా లేదు. ఆయన ఫోన్లో చూసుకుని, "ఇప్పుడొద్దు, తర్వాత చూద్దాం" అన్నాడు. సాయంత్రం వచ్చి, "వద్దన్నారు" అన్న గడి పక్కన సంతకం పెట్టాడు. మా ఓనరు ఆ కాగితం చూసి బొటనవేలు ఎత్తాడు. పని పద్ధతి ప్రకారం పూర్తయింది.

బండి బయటికి తీసే ముందు, ఆయన కౌంటర్ దగ్గర కార్డు గీకుతుంటే, నాలుగు టైర్లలో గాలి చూసి తక్కువున్నవాటిలో కొట్టాను. వర్క్ ఆర్డర్‌లో రాయలేదు. అడిగితే అప్పుడు చూద్దాం.