పది పౌండ్ల ఇల్లు: ఆల్‌ఫ్రిస్టన్ క్లెర్జీ హౌస్

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి చేరువలో, ససెక్స్ సుద్దకొండల నడుమ, కక్‌మియర్ నది ఒడ్డున ఉన్న ఆల్‌ఫ్రిస్టన్ గ్రామానికి నేను వెళ్ళింది ఒకే ఒక్క ఇంటిని చూడడానికి. బెర్విక్ స్టేషన్‌లో రైలు దిగి ఊరు చేరేసరికి, సెయింట్ ఆండ్రూస్ చర్చి పక్కన, పచ్చిక మైదానం అంచున, గడ్డి కప్పుతో ఆ ఇల్లు కనిపించింది. 1896లో, చారిత్రక కట్టడాలనూ ప్రకృతి స్థలాలనూ కాపాడే సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ తన చరిత్రలో మొట్టమొదటగా కొన్న కట్టడం ఇదే. చెల్లించిన వెల 10 పౌండ్లు.

సుమారు 600 ఏళ్ళ నాటి ఈ ఇల్లు ‘వీల్డెన్’ తరహాది. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో కాస్త కలిగిన రైతులు ఇలాంటి ఇళ్ళు కట్టుకునేవారు. మధ్యలో నేల నుంచి కప్పు దాకా అడ్డులేని పెద్ద సావిడి, దానికి అటూ ఇటూ మేడగదులు ఉండడం, ఆ మేడగదులు కింది గోడ కంటే ముందుకు పొడుచుకు రావడం, అన్నిటినీ ఒకే కప్పు కప్పడం ఈ తరహా లక్షణాలు. బరువు మోసేది ఓకు కలప చట్రం. దాని సందులను పుల్లలతో అల్లి మట్టి మెత్తేవారు. దడికి మట్టి మెత్తి నిలబెట్టిన మన పూరింటి గోడను ఎరిగినవారికి ఈ పని వెంటనే అర్థమవుతుంది. తొలిరోజుల్లో పొగగొట్టం లేదు. సావిడి నడుమ నేలమీదే మంట వేస్తే, పొగ పైకెక్కి కప్పు సందుల్లోంచి బయటికి పోయేది.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలిపింది సావిడి నేల. చుట్టూ ఉన్న కొండల్లో దొరికే సుద్దను పరిచి, దిమ్మిసతో కొట్టి, పులిసిన పాలు పోసి గట్టిపరిచిన నేల అది. కాళ్ళ కింది మట్టినే ఇంత నున్నగా, ఇంత మన్నికగా మలచుకున్న ఆ పనివాళ్ళ పేర్లు ఎక్కడా లేకపోవడం నాకు బాధ కలిగించింది. సావిడిలోని ఒక దూలం మీద చెక్కిన ఓకు ఆకును కూడా చూశాను. ట్రస్ట్ చిహ్నానికి అదే ప్రేరణ అని కొందరి నమ్మకం.

చర్చి అధీనంలోకి వచ్చి మతాచార్యుల నివాసమైన ఈ ఇల్లు, తర్వాత కూలీల కాపురాలకు అద్దె ఇల్లయి, 19వ శతాబ్ది చివరికి కూల్చివేత అంచుకు చేరింది. 1882 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రధానంగా చరిత్రపూర్వ యుగపు సమాధులకూ రాతి వలయాలకూ రక్షణ ఇచ్చిందే తప్ప, ఇలాంటి పల్లె ఇళ్ళను పట్టించుకోలేదు. అలాంటి కాలంలో స్థానిక వికార్ (ఊరి చర్చి మతాచార్యుడు) ఎఫ్. డబ్ల్యు. బేనన్ పట్టు విడవకుండా సాయం కోసం తిరిగారు. ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన ఆక్టేవియా హిల్ ఆ మొర విని చందాల కోసం విజ్ఞప్తి చేశారు. కొనుగోలు కంటే మరమ్మతుకే ఎన్నో రెట్లు డబ్బు కావలసి వచ్చింది. వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ పావెల్ చేతుల మీదుగా సాగిన ఆ మరమ్మతులో పాతదాన్ని తీసేసి కొత్తది కట్టడం కాక, ఉన్నదాన్ని నిలబెట్టడమే లక్ష్యమైంది. కోటలకూ రాజభవనాలకూ దక్కే శ్రద్ధ ఒక మామూలు ఇంటికీ దక్కాలని వారు 1896లోనే నిశ్చయించుకోవడం గొప్ప నిర్ణయమని నేను నమ్ముతున్నాను.