ఒట్టు, ఓటు, ప్రహ్లాదుడి పద్యం

లోకములన్నియున్ గడియలోన జయించినవాఁడ వింద్రియా
నీకముఁ జిత్తముం గెలువ నేరవు నిన్ను నిబద్ధుఁ జేయు నీ
భీకర శత్రు లార్వురఁ బ్రభిన్నులఁ జేసినఁ బ్రాణికోటిలో
నీకు విరోధి లేఁ డొకఁడు. నేర్పునఁ జూడుము దానవేశ్వరా!

భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రితో అన్న మాట ఇది. లోకాలన్నీ గడియలో గెలిచావు గానీ నీ ఇంద్రియాలనూ మనసునూ గెలవలేకపోయావు. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం, ఈ ఆరుగురూ నిన్ను కట్టిపడేశారు. వాళ్లను ఓడించావా, ప్రాణికోటిలో నీకు శత్రువన్నవాడే ఉండడు. కోపంతో ఊగిపోతున్న చక్రవర్తి ముందు నిలబడి, గురువుల దగ్గర చదువుకునే పిల్లవాడు ఇంత మాట అన్నాడు!

అంతకు ముందు హిరణ్యకశిపుడు అడిగింది, ఎవరి బలం చూసుకుని నాకు ఎదురు చెబుతున్నావని. దానికి జవాబే "బలయుతులకు దుర్బలులకు బలమెవ్వఁడు" అనే పద్యం. బలవంతులకూ బలహీనులకూ, నీకూ నాకూ, బ్రహ్మాదులకూ ఎవడు బలమో వాడే నాకూ బలం అన్నాడు. ఈ రెండు పద్యాలనూ విడదీయకుండా చదవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. రాజుకూ నాకూ బలమిచ్చినవాడు ఒక్కడే అయినప్పుడు, నా మనసు మీద రాజుకు పెత్తనం ఎక్కడిది? సరే, ఎవరి పెత్తనమూ వద్దనుకున్నాక నన్ను ఏలేదెవరు? నన్ను నేనే ఏలుకోవాలి. లేకపోతే ఆ ఆరుగురు ఏలుతారు.

ఇది రాసిన పోతన మన బమ్మెర వాడు. 15వ శతాబ్దం మనిషి. రాజుల దగ్గర ఊళ్లూ వాహనాలూ సొమ్ములూ పుచ్చుకుని, పోయాక యముడి సమ్మెట దెబ్బలు తినడం తనకొద్దనీ, ఇష్టంగా హరికే ఇచ్చాననీ తన పద్యంలో తానే చెప్పుకున్నాడు. అంత మాట అనాలంటే ముందు లోభాన్ని గెలిచి ఉండాలి. ఆ పక్కనే పాలకుర్తి. 1940లలో అక్కడ చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు. ఆమెది సంఘం (ఆంధ్ర మహాసభ) పోరాటం, భక్తి ఉద్యమం కాదు. అయినా "దుర్బలులకు" అన్న చోటికి వచ్చేసరికి నాకు ఆమె ముఖమే గుర్తొస్తుంది.

1948 సెప్టెంబర్ 17తో నిజాం పాలన పోయింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దుల్లో ప్రతి మనిషికీ అంతరాత్మ స్వేచ్ఛ ఉందని 25వ అధికరణం చెప్పింది. గుడికి పోయేవాడికీ, ఖాజీపేట దర్గాకు పోయేవాడికీ, చర్చికి పోయేవాడికీ, ఎక్కడికీ పోనివాడికీ అదే హక్కు. 1993 ఏప్రిల్ 24 నుంచి 73వ సవరణతో గ్రామ పంచాయతీకి కూడా రాజ్యాంగ హోదా దక్కింది. బయట గెలవాల్సినవి చాలా గెలిచాం. లోపలి ఆరుగురి సంగతే మిగిలింది.

సర్పంచ్ ఎన్నికల ముందు రాత్రి మా వైపు ఇంటింటికీ కవరు వస్తుంది. కొన్నిసార్లు దాని వెనకే దేవుడి పటం కూడా వస్తుంది. పసుపు బియ్యం చేతిలో పోసి, పటం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తారు. డబ్బు పంచడం కన్నా ఇది నన్ను ఎక్కువ కలచివేస్తుంది. డబ్బుతో లోభాన్ని కొంటారు. ఒట్టుతో భక్తినే తాకట్టు పెట్టించుకుంటారు.

మేం భాగవతం చదువుకునే చోటికి వచ్చే ఒక ముసలవ్వ అట్లాంటి రాత్రి తెల్లారి నన్ను పక్కకు పిలిచింది. అరచేతి గీతల్లో పసుపు ఇంకా పోలేదు. "పైసలు తీసుకున్న బిడ్డా, ఎల్లమ్మ తల్లి మీద ఒట్టేసిన. ఆయన మంచోడు కాదని నాకు ఎరుకే. వేరేటోళ్లకు ఏస్తే తల్లి కన్నెర్ర జేస్తదా?"

"అవ్వా, తల్లిని సాక్షిగ పిలిచింది వాళ్లు. తల్లి వాళ్ల మనిషి కాదు. ఆ పైసలు వాపస్ ఇచ్చెయ్, నీకు ధర్మమనిపించినోళ్లకు ఓటెయ్" అన్నాను.

"వాపస్ ఇస్తే ఊకుంటరా?" అంది.

ఆ భయం అబద్ధం కాదు. తెల్లారితే అదే ఊళ్లో బతకాలి, అదే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోవాలి. అందుకే ఓటు రహస్యంగా ఉండాలన్నారు. అట్ట అడ్డుపెట్టిన ఆ మూలలో, చేతిలో స్వస్తిక్ ముద్రతో నిలబడ్డప్పుడు ఆమెతో ఉండేది ఆమె దేవుడొక్కడే. అధర్మానికి కట్టుబడమని వేయించిన ఒట్టు దేవుడికి చెందదని నా నమ్మకం. పాపమంటూ ఉంటే ముందు వేయించినవాడిది. ఈ మాట గుళ్లో పూజారులు, కథ చెప్పేవాళ్లు, భజన మండళ్ల పెద్దలు ఎన్నికలకు ముందే పైకి చెప్పాలి. మనం నోరు మూసుకుంటే ఆ అవ్వలు ఎవరిని అడుగుతారు?

ఓట్లయ్యాక ఇంకో గొడవ మొదలవుతుంది. ఓడినవాడి ఇంటికి గెలిచినవాడి పెళ్లి పిలుపు పోదు. అన్నదమ్ములు ఏళ్లతరబడి మాట్లాడుకోరు. వైశాఖంలో నరసింహ జయంతి వస్తుంది. ఆ రోజు పిల్లలను కూర్చోబెట్టి ఈ కథ చదివేవాళ్లకు నాదొక మనవి. స్తంభం చీలి స్వామి రావడంతో పుస్తకం మూసేయకండి. ఆ తర్వాత వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు తనను అన్ని బాధలు పెట్టిన తండ్రి పాపం పోగొట్టమని అడుగుతాడు. అక్కడి దాకా చదవండి.