లిస్టు కంటే ముందు లెక్క

మేముండేది అమెరికాలో, మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలకి అప్లై చేస్తోంది. ఈరోజు ఆదివారం. పొద్దున పదిన్నరకి మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెట్టి "అమ్మా, కాలేజీల లిస్టు అయిపోయింది, చూడు" అంది. మొత్తం పద్నాలుగు పేర్లు. నేను చూస్తూనే "సరే తల్లీ, ముందు ఒక గంట కూర్చుని డబ్బు సంగతి మాట్లాడుకుందాం, నాన్నని కూడా పిలువు" అన్నాను. తన ముఖం చిన్నబోయింది. నాకు కష్టంగానే అనిపించింది, కానీ ఈసారి ఈ మాట వాయిదా వేయదలుచుకోలేదు.

ఎందుకంటే రెండేళ్ల కింద మా అబ్బాయి అప్లికేషన్లప్పుడు మేము అన్నది ఒకటే మాట: "నువ్వు సీటు తెచ్చుకో, డబ్బు సంగతి మేం చూసుకుంటాం." ప్రేమతోనే అన్నాం. వాడు రాత్రులు కూర్చుని ఎస్సేలు రాసి, మార్చి చివర్లో అనుకున్న కాలేజీలోనే సీటు తెచ్చుకున్నాడు, ఆ తర్వాత కాలేజీ ఎంత సాయం ఇస్తుందో చెప్పే ఎయిడ్ లెటర్ వచ్చింది, మేమిద్దరం రెండు రాత్రులు లెక్కలు వేసి చివరికి కుదరదని చెప్పాం. మే 1 లోపల ఎక్కడో ఒకచోట చేరతానని చెప్పాలి. ఆ ఏప్రిల్ అంతా వాడు మాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు స్టేట్ యూనివర్సిటీలో బాగానే చదువుకుంటున్నాడు, కానీ ఏప్రిల్‌లో చెప్పిన ఆ మాట సెప్టెంబరులోనే చెప్పి ఉండాల్సింది. అది మా తప్పే.

అందుకని ఈరోజు ట్యాక్స్ కాగితాలు ముందేసుకుని ఒక్కో కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ తెరిచాం. అమెరికాలో ఫెడరల్ ఎయిడ్ (విద్యార్థులకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం) తీసుకునే కాలేజీలన్నీ 2011 నుంచి ఇది పెట్టి తీరాలి, అయినా చాలా ఇళ్లలో దీని గురించి తెలియదు. మన ఆదాయం, సేవింగ్స్ కొడితే మనలాంటి కుటుంబానికి సుమారు ఎంత పడుతుందో చూపిస్తుంది. అంచనాయే, కానీ ఏమీ తెలియకపోవడం కంటే ఎంతో నయం. మేము ఖరీదైనదని భయపడ్డ ఒక ప్రైవేటు కాలేజీ, పక్క రాష్ట్రం ప్రభుత్వ యూనివర్సిటీ కంటే తక్కువకి వచ్చింది! ఒకటి మాత్రం జాగ్రత్తగా చూడాలి, కొన్నిచోట్ల లోన్‌ని కూడా ఎయిడ్ కింద తీసేసి ఆఖరి అంకె చూపిస్తారు. మొదటి ఏడాది విద్యార్థి పేరు మీద మామూలుగా 5,500 డాలర్ల దాకా ఫెడరల్ లోన్ వస్తుంది, అది తిరిగి కట్టాల్సిన డబ్బే, కట్టక్కర్లేని గ్రాంట్ కాదు. మా అమ్మాయి రెండు రంగుల పెన్నులు తెచ్చి గ్రాంట్లు ఒక రంగులో, లోన్లు ఇంకో రంగులో రాసింది.

మా ఆయన "ఇద్దరు పిల్లలూ కాలేజీలో ఉంటారు కదా, మన వాటా సగమవుతుందేమో" అన్నారు. ఇదివరకు ఫెడరల్ ఎయిడ్‌కి పెట్టుకునే ఫాఫ్సా ఫారంలో అలాగే ఉండేది, 2024-25 నుంచి ఆ లెక్క తీసేశారు. తమ సొంత సాయం కోసం సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం అడిగే కాలేజీల్లో కొన్ని మాత్రం ఇంకా లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి ప్రతి కాలేజీనీ విడిగా అడగాల్సిందే. ఫాఫ్సా అక్టోబర్ 1న తెరుస్తారు, దానికి కావాల్సిన మా ఇద్దరి లాగిన్ అకౌంట్లూ ఈ వారమే సరిచూసుకోవాలి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకైతే ఫెడరల్ ఎయిడ్ రాదు, వాళ్లు కాలేజీ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్‌ల గురించి ఇప్పటినుంచే కనుక్కోవాలి.

మా అమ్మాయికి ఒక కాలేజీకి ఎర్లీ డెసిషన్‌లో వేయాలని ఉంది. అలా వేస్తే సీటొస్తే చేరతామని మాట ఇచ్చినట్టే, తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టాలి, ఇక మిగతా కాలేజీలు ఎంత ఇస్తాయో పోల్చి చూసుకునే వీలుండదు. "క్యాలిక్యులేటర్‌లో వచ్చిన అంకె మనకి కుదిరితేనే సంతకం పెడతాను" అన్నాను. కాసేపు ఆలోచించి సరే అంది.

మధ్యాహ్నం, చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్‌లో యాక్టివిటీల దగ్గర ఆగిపోయింది. పది గళ్లున్నాయి, "నాకు ఆరే ఉన్నాయమ్మా, అందరికీ పది ఉన్నాయి" అని టెన్షన్. పది నింపాలని ఎవరూ అనలేదు. అయినా ఏడాదిగా రోజూ సాయంత్రం నాయనమ్మ చేత మోకాళ్ల ఎక్సర్‌సైజులు చేయించేది ఎవరు? "అది కూడా రాస్తారా?" అని ఆశ్చర్యపోయింది. కుటుంబ బాధ్యతలకి అక్కడ విడిగా ఒక విభాగమే ఉంది. వివరాలకి నూటయాభై అక్షరాలే ఇస్తారు కాబట్టి వారానికి ఎన్ని గంటలు, ఏం చేస్తుంది అని సూటిగా రాసింది.

ఎస్సే కూడా చదవమని ఇచ్చింది. లైబ్రరీలో తిరిగొచ్చిన పుస్తకాలు సర్దుతుంటే వాటిలో జనం మర్చిపోయిన చీటీలు దొరుకుతాయట, వాటి గురించి రాసింది. మావాడి ఎస్సేలో నేను ఎన్ని వాక్యాలు మార్చానో, చివరికి వాళ్ల టీచర్ చదివి "ఇది నువ్వు మాట్లాడినట్టు లేదు" అన్నారు. అందుకే ఈసారి పెన్ను పట్టుకోలేదు. "ఆ చీటీలు నువ్వెందుకు దాచుకున్నావు?" అని ఒక్కటే అడిగాను. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది, తర్వాత లాప్‌టాప్ పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రానికి లిస్టులో తొమ్మిది మిగిలాయి. ఐదు తనే కొట్టేసింది, నేను ఒక్కటీ చెప్పలేదు. తొమ్మిదిలో ఒకటి ఇప్పటికీ మాకు భారమే, కానీ అక్కడొక స్కాలర్‌షిప్ ఉంది, దాని గడువు అప్లికేషన్ గడువు కంటే ముందే వస్తుంది.

రాత్రి మావాడు ఫోన్ చేస్తే చెల్లెలు ఈ అంకెలన్నీ చదివి వినిపించింది. నాకు ఫోన్ ఇచ్చాక వాడు మెల్లగా అడిగాడు, "నాకెందుకు చూపించలేదమ్మా ఇవన్నీ?"

"తెలియలేదు నాన్నా. తెలిసిన కొంచెం కూడా నీకు చెప్పడానికి మనసు రాలేదు" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ స్కాలర్‌షిప్ గడువు ఎప్పుడో నాకు పంపించు, నేను కూడా చెల్లికి గుర్తు చేస్తుంటాను" అన్నాడు. పంపించాను.