గొరిల్లాలు మానేసి బుటారే బస్సెక్కాను

రువాండా వెళ్తున్నానంటే అందరూ అడిగింది ఒకటే, గొరిల్లాల్ని చూస్తావా అని. చూడలేదు. వాటి దగ్గర ఒక గంట నిలబడటానికి మనిషికి 1500 డాలర్ల పర్మిట్. మన లెక్కలో లక్షా పాతికవేల పైమాటే. జీపు ఖర్చు, కొండ కింద రాత్రి బస మళ్లీ వేరే. రాజధాని కిగాలీలో తమ్ముడింట్లో కూచుని ఆ ధర మీద గొణుగుతుంటే, మరదలు విని విని, "వదినా, మీకు పంచాయతీ రాజకీయాలంటే ఇష్టం కదా, ఇక్కడి పార్లమెంటు చూసి రండి" అంది.

వెళ్లాను. కిమిహురురా గుట్ట మీద పెద్ద భవనం. 1994లో, హుటూ తీవ్రవాదులు టుట్సీ జాతివాళ్లని ఊచకోత కోసిన రోజుల్లో జరిగిన యుద్ధంలో తగిలిన గుండ్ల దెబ్బలు గోడల మీద అలాగే ఉంచేశారు. అందులోని మ్యూజియం మొత్తం ఆ యుద్ధం గురించే. నాకు కావాల్సింది ఆ తర్వాతి కథ. ఎందుకంటే అదే భవనంలో ఇప్పుడు దిగువ సభకి 80 సీట్లుంటే 2024 ఎన్నికల్లో 51 ఆడవాళ్లకి వచ్చాయి. సభలో సగానికి పైగా ఆడవాళ్లున్న మొదటి దేశం ప్రపంచంలో ఇదే, 2008లో. అంకె నాకు ముందే తెలుసు. అది ఎలా సాధ్యమైందో చెప్పే మనిషి మాత్రం బస్సులో దొరికింది.

కిగాలీలోని న్యాబుగోగో స్టాండులో, దక్షిణాన ఉన్న హుయే ఊరి బస్సెక్కాను. జనం ఇంకా బుటారే అనే అంటారు. సీట్లు నిండగానే నడవలో మడత సీట్లు కూడా వేసేసి, ఇక దిగే దారి లేకుండా చేస్తారు. స్పీడ్ గవర్నర్ 60 దాటనివ్వదు. 130 కిలోమీటర్లకి మూడు గంటలు. మోకాళ్లు ముందు సీటుకి నొక్కుకుపోయి, న్యాబరోంగో నది వంతెన దాటేసరికే చిరాకు నెత్తికెక్కింది.

పక్క సీటావిడ అదేమీ పట్టనట్టు ఒళ్లో పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుని స్కేలుతో గీతలు గీస్తోంది. యాభై దాటి ఉంటాయి. హుయే దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరట, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. పుస్తకంలో పేర్ల వరస, ఆ పక్కన మూడు గడులు. ఆరోగ్య బీమా డబ్బు కట్టిందా, పిల్లలు బడికి వస్తున్నారా, భూమి కాగితంలో ఆమె పేరుందా. మూడో గడిలో కొన్నిచోట్ల ఎర్ర సిరాతో ప్రశ్న గుర్తు. "ఇవేంటి?" అనడిగాను. "ఈవారం నేను వెళ్లాల్సిన ఇళ్లు" అంది.

కొన్ని ఊళ్లు కలిపి సెక్టారు అంటారు, వాళ్ల సెక్టారులో మహిళా మండలి కమిటీ సభ్యురాలట. ఆ మండళ్లు ఊరి నుంచి దేశం దాకా మెట్లుమెట్లుగా ఉంటాయి. 2003 రాజ్యాంగంలో, నిర్ణయాలు చేసే ప్రతి చోటా కనీసం 30 శాతం ఆడవాళ్లుండాలని రాశారు. 80 సీట్లలో 53 పార్టీల జాబితాల నుంచి వస్తాయి, 24 ఆడవాళ్లకే. ఆ 24కీ అందరూ ఓటెయ్యరు, మహిళా కమిటీల వాళ్లూ స్థానిక కౌన్సిళ్ల వాళ్లూ వేస్తారు. "మా దక్షిణ ప్రాంతానికి ఆరు. 2024లో నేనూ వేశాను. నిలబడ్డవాళ్లు మా ముందుకొచ్చి మాట్లాడాలి. ఎవరు ఊళ్లలో తిరిగారో, ఎవరు తిరగలేదో మాకు తెలియకుండా ఉంటుందా?" అంది. ఊరి స్థాయి ఎన్నికైతే ఇంకా తేలిక. అభ్యర్థి వెనక జనం వరసగా నిలబడతారు, తలలు లెక్కపెడతారు.

మా పెద్దమ్మ గుర్తొచ్చింది. మా ఊరి సర్పంచ్ సీటు మహిళకి రిజర్వైనప్పుడు ఆవిడే గెలిచింది. పంచాయతీ ఆఫీసు కుర్చీలో కూచున్నది పెదనాన్న. కార్యదర్శి రిజిస్టరు పట్టుకుని నేరుగా మా వంటింట్లోకి వచ్చేవాడు. పెద్దమ్మ చపాతీ పిండి చేతులు కొంగుకి తుడుచుకుని, అతను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేది. ఏం రాసుందో ఏ రోజూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నాకది ఇప్పటికీ కడుపులో మంట. ఆమెకి తెలివి లేక కాదు. ఊరి నీళ్ల గొడవ ఎక్కడ మొదలైందో, ఎవరు తీర్చగలరో పెదనాన్న కన్నా ఆవిడకే బాగా తెలుసు.

ఇదంతా చెప్తే టీచర్ స్కేలు పక్కన పెట్టి, "ఆవిడకి ముందు ఇలాంటి పుస్తకం ఒకటి ఇచ్చి ఉండాల్సింది" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మన దగ్గర సీటు ఒక్కసారిగా వచ్చి ఒళ్లో పడుతుంది, మళ్లీ ఎన్నికకి రొటేషన్‌లో పోతుంది. ఈ టీచర్ పదేళ్లుగా కమిటీలో నలిగింది.

అలాగని అన్నీ బాగున్నాయని ఆవిడ అనలేదు. జిల్లా మేయర్లలో మగవాళ్లే ఎక్కువ. మీటింగు నుంచి ఇంటికెళ్లాక వంట తనదే, నీళ్లు తనవే, మర్నాటి పాఠం తనదే. "ముగ్గురి పని ఒక్కదాన్నే చేస్తున్నా" అంది. అధ్యక్షుడి సంగతి ఎత్తితే మాత్రం మాట మార్చి, ముహాంగా దాటాక కనపడే కసావా తోటలు చూపించింది. 2024లో ఆ అధ్యక్షుడు పాల్ కగామేకి వచ్చిన ఓట్లు 99 శాతం పైనే. ఆయన మీద పోటీకి దిగుతానన్న డయాన్ ర్విగారా కూడా ఆడమనిషే. 2017లో పోటీకి ఒప్పుకోలేదు, జైల్లో పెట్టారు, 2018లో కోర్టు నిర్దోషి అంది, 2024లో మళ్లీ పేరు కొట్టేశారు. ఇంతమంది ఆడవాళ్లున్న సభ ఆమె కోసం గొంతెత్తలేకపోతే, ఆ సభకి ఇంకా రావాల్సిన బలం చాలా ఉందనే నేను అనుకుంటాను. కానీ ఆ సభని తీసిపారెయ్యను. ఆడపిల్లకి పుట్టింటి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన చట్టం 1999లో వచ్చింది, మహిళా సభ్యుల పట్టుదల వల్లే. ఇంట్లో కొట్టడం, బలవంతం చెయ్యడం నేరమని 2008లో వచ్చిన చట్టం ముసాయిదాని సభలో పెట్టింది కూడా వాళ్లే. టీచర్ పుస్తకంలో భూమి కాగితం అడిగే ఆ మూడో గడి ఉందంటే ఆ ఆస్తి చట్టం వల్లే కదా.

హుయేలో దిగి తిన్న భోజనం గురించి రెండు ముక్కలు. మెలాంజ్ అంటారు, పళ్లెం ఒక్కసారే నింపుకోవాలి, మాంసం ముక్కకి వేరే డబ్బు. మొదట చెప్పరు, బిల్లులో కనపడుతుంది. కసావా ఆకుతో చేసే ఇసోంబే చూడ్డానికి అచ్చం గోంగూరలా ఉంటుంది, పులుపు లేదు. నాకు నచ్చింది.

ఈ హుయే ప్రాంతం నుంచే ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అగాథ్ ఉవిలింగియిమానా ఇక్కడ కెమిస్ట్రీ చెప్పింది. విద్యామంత్రిగా, బడి సీట్లని జాతి లెక్కన పంచే పద్ధతి ఎత్తేసింది. 1993లో దేశానికి మొదటి మహిళా ప్రధాని అయింది. 1994 ఏప్రిల్ 7న భర్తతో సహా చంపేశారు. పిల్లలు బతికారు. ఆమె మంత్రివర్గంలోనే స్త్రీ సంక్షేమ మంత్రిగా ఉన్నది పోలీన్ న్యిరమసుహుకో. అదే బుటారేలో హత్యలూ అత్యాచారాలూ చేయించిన నేరానికి 2011లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ శిక్ష వేసింది. సీటిస్తే మంచితనం దానంతటదే రాదని ఈ నేల మీద నిలబడ్డవాళ్లకి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. మగవాళ్లని మాత్రం ఏ రోజూ మంచితనం చూసి సీట్లో కూచోబెట్టలేదు. మరి ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న ఎందుకు లేస్తుంది?

తిరుగు బస్సు దాకా నన్ను దింపడానికి వచ్చిన టీచర్, "మీ పార్లమెంటులో ఎంతమంది?" అని అడిగింది. 543 లో 74 అన్నాను. 33 శాతం చట్టం 2023లో అయింది, జనాభా లెక్కలూ నియోజకవర్గాల విభజనా అయ్యాకే అమలు అని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, పుస్తకం చంకలో పెట్టుకుని నా బస్సు నెంబరు వెతికిపెట్టింది. ఆ 74 అంకె చెప్తున్నప్పుడు నాకు తగని కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. నెలాఖరు శనివారం ఉదయం ప్రయాణం పెట్టుకోకండి. ఆ పూట ఉముగాండా, ఊరంతా వీధి పనికి దిగుతుంది, పదకొండు దాకా బస్సులు దొరకవు. మీరూ ఒక పార పట్టుకుని వెళ్లండి, పరాయి దేశంవాళ్లనీ రానిస్తారు. పనయ్యాక అక్కడే కూచుని మీటింగు పెడతారు. తమ్ముడు వాళ్ల వీధిలో మురిక్కాలవ ఎవరి వైపు తవ్వాలనే గొడవకి దిగినవాళ్లలో ముగ్గురు ఆడవాళ్లు, ఒక మగాయన. మాట నెగ్గింది పళ్ల దుకాణం ఆవిడది. భాష రాలేదని భయం వద్దు, పక్కన ఎవరో ఒకరు ఇంగ్లీషులో చెప్తారు.