హ్యామిల్టనా, బర్రా?

అన్నం దగ్గర అరుచుకోవడం మా ఇంట్లో కొత్తేం కాదు. కాకపోతే 2016లో ఇచ్చేసిన అవార్డు కోసం 2020 జులైలో అరుచుకున్నాం, అదే కొత్త.

ఆ మార్చిలో నాన్న తెనాలికి తిరిగి వెళ్లిపోవాల్సింది. కోవిడ్‌తో విమానాలు ఆగిపోయాయి. పొద్దున్నే మా న్యూజెర్సీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని, పేపరు వేసే కుర్రాడు కూడా కనపడని దేశమేమిటే ఇది అని నన్ను అడిగేవాడు. మా అమ్మాయి స్కూల్లో వేయాల్సిన మ్యూజికల్ అనే పాటల నాటకం కూడా అదే నెలలో రద్దయింది. దాని వేషానికి ఉన్నవి మూడంటే మూడు మాటలు. అయినా ఆ గౌను హ్యాంగర్‌కి తగిలించి, తలుపు వెనక నాలుగు నెలలు ఉంచుకుంది. తీసి లోపల పెట్టమని అనడానికి నాకు నోరు రాలేదు.

జులై 3న డిస్నీ ప్లస్‌లో ‘హ్యామిల్టన్’ వచ్చింది: అమెరికా తొలినాళ్ల నాయకుడు హ్యామిల్టన్, అతని ప్రత్యర్థి ఆరన్ బర్‌ల కథ, పాటల్లో. న్యూయార్క్‌లో నాటకశాలల పేట బ్రాడ్‌వేలో అసలు బృందం ఆడుతున్నప్పుడు, 2016 జూన్‌లో తీసి దాచిన వీడియో అది. టికెట్ కొనాలంటే ఒక నెల కిరాణా సరుకుల డబ్బు పోసేయాల్సిన నాటకం సోఫాలోకే వచ్చేసరికి నలుగురం కూర్చున్నాం. నాన్నకి ఇంగ్లీషు పాట ఒక్క ముక్క అర్థం కాదు, అందులోనూ అంత వేగం! పది నిమిషాల్లో కునుకు తీస్తాడనుకున్నాను. రెండున్నర గంటలు దాటినా కళ్లు ఆర్పలేదు.

తగువు మర్నాడు మొదలైంది. బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల్లో, 2016లో, ఈ నాటకానికి 16 నామినేషన్లు, 11 అవార్డులు. మ్యూజికల్‌లో ఉత్తమ నటుడి పోటీలో ఇదే నాటకం నుంచి ఇద్దరున్నారు: హ్యామిల్టన్ వేసిన లిన్-మాన్యుయెల్ మిరాండా, ఆరన్ బర్ వేసిన లెస్లీ ఓడమ్ జూనియర్. గెలిచింది బర్. మా పదేళ్లవాడికి అది ఘోరమైన అన్యాయం. మాటలు రాసింది ఆయన, బాణీలు కట్టింది ఆయన, నాటకం పేరు కూడా ఆయన పాత్రదే, మరి అవార్డేమో పక్కవాడికా? అక్క గరిటె తిప్పుతూ, ‘‘రాసినందుకు వేరే ఇచ్చారు, పాటలకి వేరే ఇచ్చారు. ఇది యాక్టింగ్‌కి’’ అంది. వాడు పళ్లెం నెట్టేశాడు.

తమ్ముడికి సాయం వచ్చింది తాతయ్యే. నాన్న చిన్నప్పటి నుంచీ తెనాలి చుట్టుపక్కల నాటకాల్లో వేషాలు కట్టినవాడు. పెద్దవేమీ కాదు, నకులుడి వేషం. దక్కేది ఒకటో రెండో పద్యాలు, మిగతా రాత్రంతా కిరీటం బరువు మోస్తూ నిలబడటమే. ‘‘ఒరేయ్, స్థానం నరసింహారావుగారని బాపట్లాయన. సత్యభామ వేషం కట్టేవాడు. ‘మీరజాలగలడా’ పాట ఆయనే రాసుకుని ఆయనే పాడాడు. పద్మశ్రీ ఇచ్చారు’’ అన్నాడు. వాడు అక్క వైపు చూసిన చూపు చూడాలి! మగాయన సత్యభామ ఎలా అయ్యాడని అక్క. తెల్లదొరల వేషాలు నల్లవాళ్లు కట్టగా లేంది, మగాడు భామ కాకూడదా అని తాత. నిజానికి ‘హ్యామిల్టన్’ గురించి పత్రికల్లో పేజీలకు పేజీలు రాసింది దీని గురించే. నాన్నకి అది తెలియదు, అదొక వింతగానూ తోచలేదు.

అంతలోనే ఆయన ప్లేటు ఫిరాయించాడు. ‘‘కానీ నటుడంటే ఆ రెండోవాడేరా.’’

‘‘తాతా, నీకు ఇంగ్లీషే రాదు కదా!’’

‘‘అందుకేగా తెలిసింది. ఎదుటివాడు పద్యం అందుకున్నప్పుడు వీడేం చేస్తున్నాడో చూడు. మా వాళ్లు కిరీటం సర్దుకుంటారు, జనంలో చుట్టాలెవరన్నా ఉన్నారేమోనని వెతుక్కుంటారు. ఇతను వింటున్నాడు. విన్నకొద్దీ మొహం మాడిపోతోంది.’’

నాకూ బర్రే నచ్చాడు. ఎందుకో పిల్లలకి చెప్పలేదు. అతనికి ఓపిక పట్టడం గురించి ఒక పాట ఉంది. గ్రీన్ కార్డు లైన్లో మేం చేరిన తేదీ, అదే ప్రయారిటీ డేట్, 2012. ఎనిమిదేళ్లుగా ప్రతి నెలా ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ తెరిచి, మూసి, వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. వలస వచ్చి కలం పట్టుకుని దూసుకుపోయిన హ్యామిల్టన్ మా పిల్లల హీరో, వాళ్లు ఈ గడ్డ మీదే పుట్టారు కాబట్టి. లైన్లో నిలబడ్డవాళ్ల పాట బర్‌ది. పాట మధ్యలో పోపు చూసొస్తానని లేచాను. ఆ రోజు వంట ఎప్పుడో అయిపోయింది.

నాన్న మాట దగ్గర్నుంచి అమ్మాయి ఇంకా లోతుకి దిగింది. టోనీ వాళ్ల లెక్కలో టైటిల్‌కి పైన పేరు పడ్డవాళ్లు ప్రధాన నటులు, కింద పడ్డవాళ్లు సహాయ నటులు, కమిటీ కావాలంటే మార్చుకోవచ్చు. మా కరపత్రాల్లోనూ పేరు పైకీ కిందికీ జరిగితే కొట్టుకునేవాళ్లు అన్నాడు నాన్న. కృష్ణుడంటే పీసపాటా, షణ్ముఖి ఆంజనేయరాజా అని ఊళ్లు రెండుగా చీలేవట. పీసపాటి పద్యంలో మాట వినపడుతుందని నాన్న, షణ్ముఖి గొంతు ముందు మాటెవడికి కావాలని మా బాబాయి. అన్నదమ్ములిద్దరూ దీని మీద ఒక సంక్రాంతి అంతా మాట్లాడుకోలేదు.

‘‘ఇద్దరికీ ఇచ్చేయొచ్చుగా?’’ అన్నాడు మావాడు. అక్క దగ్గర దానికీ జవాబుంది: 2009లో ‘బిల్లీ ఎలియట్’లో ఒకే వేషాన్ని రోజుకొకరు చొప్పున వేసిన ముగ్గురు కుర్రాళ్లకి కలిపి ఉత్తమ నటుడి టోనీ ఇచ్చారు. నాన్న తొడ చరిచాడు. ‘‘రోజుకొకడా? మాకు ఒక్క రాత్రికే ముగ్గురు కృష్ణులు! పడక సీనుకి ఒకడు, రాయబారానికి ఒకడు, యుద్ధానికి ఒకడు. వన్స్ మోర్ అంటే పాడిన పద్యమే మళ్లీ పాడాలి, తెల్లారిపోయేది.’’ ముగ్గురు కృష్ణులు వరసగా ఎలా మారతారో, రెండోవాడు వచ్చేటప్పుడు మొదటివాడు ఎక్కడుంటాడో అమ్మాయి అడుగుతూనే ఉంది. తెలుగులోనే అడిగింది. మాట దొరకనప్పుడు చేత్తో చూపించింది. ‘పడక’ అంటే నన్ను అడిగి రాసుకుంది.

ఆ ఆదివారం న్యూజెర్సీలోనే ఉన్న వీహాకెన్ వెళ్లాం, కారులో గంట కూడా పట్టదు. బర్ 1804 జులై 11న హ్యామిల్టన్‌ని కాల్చింది అక్కడే. ఎత్తయిన గట్టు మీద హ్యామిల్టన్ తల ఒక్కటీ విగ్రహంగా పెట్టారు. పక్కనే ఒక బండరాయి. గుండు తగిలాక దాని మీద తల ఆన్చాడని చెప్పుకుంటారు. ఎదురుగా హడ్సన్ నది, ఆ ఒడ్డున మన్‌హటన్, దాంట్లో దీపాల్లేని బ్రాడ్‌వే. నాన్న మాస్కు కిందికి లాక్కుని రాయిని కాసేపు చూశాడు. బర్ విగ్రహం ఏదీ అన్నాడు. లేదని చెప్పింది అమ్మాయి.

తిరుగు ప్రయాణంలో మావాడు వెనక సీట్లోంచి ముందుకి వంగాడు. వాడింకా ఆ అవార్డు దగ్గరే ఉన్నాడు.

‘‘తాతా, మీ ముగ్గురు కృష్ణులకీ కప్పొస్తే ఎవరింట్లో పెట్టేవాళ్లు?’’

‘‘హార్మోనియం ఆయనింట్లో. ఆయనకి మేమందరం బాకీ.’’