ఫలాంజియం ఒపిలియో: ఒక వేసవి పెంపకం లెక్క

జూన్ 14
ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా పెరటి బ్రాడ్‌బీన్స్‌కి నల్ల పేనుబంక పట్టింది. రాత్రి పదిన్నరకి టార్చితో వెళితే ఆకుల కింద సన్నటి కాళ్ల పిల్లలు నాలుగైదు కనబడ్డాయి. హార్వెస్ట్‌మన్లు, అంటే చూపుకి సాలీడులా ఉన్నా సాలీడు కాని ఎనిమిది కాళ్ల జీవులు. కోతల కాలానికి పెద్దవై తిరుగుతాయి గనుక ఆ పేరు. పిల్లలుగా ఉన్నప్పుడు ఏ జాతో నేను తేల్చలేను. మూడింటిని లోపలికి తెచ్చాను.

జూన్ 22
ఒకటి పోయింది, చాలా బాధగా ఉంది. కుబుసం విడుస్తూ కాళ్లు సగంలో ఇరుక్కుపోయాయి. తప్పు డబ్బాది: ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లే. ఇవి తలకిందులుగా వేలాడి కుబుసం విడుస్తాయి, పాత తొడుగులోంచి కాళ్లు పూర్తిగా లాక్కునేంత చోటు కావాలి. ముప్పై సెంటీమీటర్ల ప్లాస్టిక్ జాడీకి మార్చాను. అడుగున నాలుగు సెంటీమీటర్ల తోటమట్టి, నిలువుగా ఎండుపుల్లలు, మూతికి దోమతెర గుడ్డ.

జూన్ 29
రెండోది కుబుసం విడవడం మొదటినుంచీ చూశాను. ఒక్కో కాలినీ నోటి దగ్గరి పట్టకారుతో పట్టుకుని, దారం లాగినట్టు మెల్లగా బయటికి లాగింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఊపిరి బిగబట్టి చూశాను.

జూలై 5
తిండి: పేనుబంక, పెంపుడు చేపలకి వేసే మేత ఫ్లేక్స్, ఆపిల్ ముక్క. సాలీడులా రసం మాత్రమే పీల్చదు, ముక్కలు కొరికి మింగుతుంది. అందుకే చచ్చిన పురుగులూ తింటుంది. మిగిలింది మర్నాడే తీసేయాలి, లేకపోతే బూజు. తిండి ఒకరోజు ఆలస్యమైనా ఓర్చుకుంటాయి కానీ తడి ఆరితే మాత్రం త్వరగా నీరసపడతాయి. పొద్దునా సాయంత్రం గోడల మీద నీళ్లు చిలకరిస్తున్నాను.

జూలై 26
ఒకదానికి కొమ్ములొచ్చాయి! నోటి పట్టకార్ల మీదనుంచి ముందుకు పొడుచుకొచ్చిన జత, కింద పొట్ట సుద్దలా తెలుపు. ఫలాంజియం ఒపిలియో అనే హార్వెస్ట్‌మన్ జాతి మగది, సందేహం లేదు. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరిది. ఒపిలియో అంటే లాటిన్‌లో గొర్రెలకాపరి. రెండోది ఆడది, కొమ్ముల్లేవు, ఒళ్లు పెద్దది.

వీడియోకాల్‌లో చూపిస్తే అమ్మ, "మన అటక మూలల్లో గూడు కట్టేదే కదరా" అంది. అది సాలీడమ్మా, దాని ఒళ్లు రెండు భాగాలు. దీనికి నడుమే లేదు, పూసలా ఒకటే ముద్ద. పట్టుదారం లేదు, విషం లేదు. వీపు మీద చిన్న బుడిపె, దానికి అటొకటి ఇటొకటి రెండే కళ్లు.

ఆగస్టు 9
జాడీ శుభ్రం చేస్తుంటే మగదాని కాలు నా వేళ్లకి చిక్కి ఊడివచ్చింది. ఊడిన కాలు చాలాసేపు కొట్టుకుంది. శత్రువు దాన్ని చూస్తుండగా తను తప్పించుకోవడానికే ఈ ఏర్పాటు. కాలు మళ్లీ మొలవదు. పోయింది నాలుగో జతలోది కాబట్టి నయం. అన్నిటికన్నా పొడుగైన రెండో జతతోనే ఇది దారి తడుముకుంటుంది, అవి పోతే గుడ్డిదైనట్టే. ఇకమీదట చేత్తో పట్టుకోను, గ్లాసు బోర్లించి కింద కాగితం తోస్తాను.

సెప్టెంబరు 6
రెండూ ముఖాముఖి నిలబడి జతకట్టాయి. సాలీళ్లకి లేని పద్ధతి ఇది: మగదానికి నేరుగా జతకట్టే అవయవం ఉంది.

సెప్టెంబరు 13
ఆడది పొట్ట కిందినుంచి పొడవాటి గొట్టం చాచి మట్టి పగుళ్లలోకి దింపింది. పొద్దున్న చెంచాతో మెల్లగా కదిపితే తెల్లటి గుడ్ల గుత్తి కనబడింది. వెంటనే మట్టి కప్పేశాను.

అక్టోబరు 18
మగది చనిపోయింది.

నవంబరు 3
ఆడదీ పోయింది. ఇక్కడ చలికాలం దాటేది గుడ్లే. జాడీని హీటర్ ఉన్న గదిలో ఉంచితే గుడ్లు అదను తప్పి పగిలి పిల్లలు బయటికొచ్చే ప్రమాదముంది, అందుకని పెరట్లోని షెడ్డులో, వాన తగలని అరలో పెట్టాను. పదిహేను రోజులకోసారి కాస్త నీళ్లు. మార్చి చివర్నుంచి రోజూ టార్చి వేసి చూడాలి. మొదటి రోజుల పిల్లలకి సరిపడే చిన్న పేనుబంక కోసం కిటికీ దగ్గర బ్రాడ్‌బీన్స్ కుండీలో వేస్తున్నాను.