డ్రోన్ సరే, ముందు ఫోన్ మోగాలి

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్ నగర్‌ని ముంచేసినప్పుడు మా పిన్ని వాళ్లు మేడ మీదే ఉండిపోయారు, కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోతుందేమోనని ఇక్కడ మాకు టెన్షన్. పడవ రాలేని సందుల్లోకి డ్రోన్లు అన్నం పొట్లాలు మోసుకొచ్చాయి. గొప్పే, కాదనను. కానీ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెబుతూనే ఉన్నారు, బుడమేరు మీ వీధికి ఎప్పుడొస్తుందో మాత్రం మా వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఎగువన వెలగలేరు దగ్గర బుడమేరు మట్టం పెరగ్గానే దిగువన ప్రతి ఫోనూ మోగాలి. సెల్ బ్రాడ్‌కాస్ట్ అని టవర్ నుంచే హెచ్చరిక పంపే పద్ధతి ఉంది, దానికి నంబర్లతో పనిలేదు, టవర్ పరిధిలో అందరికీ వెళ్తుంది. అదీ తెలుగులో రావాలి, ఇంగ్లిష్ మెసేజ్ వస్తే పిన్ని బ్యాంకు వాళ్లదే అనుకుని వదిలేస్తుంది.